సాయవ్వపల్లె

“ఊరి చుట్టూ పొలి చల్లినంక ఊరు దాటుడు లేదు. కొత్త బొడ్రాయి నిలవెట్టేదాక ఆగాల్సిందే!” ఎల్లయ్య చేతులు అడ్డం పెట్టి కోడలిని ఆపేశాడు.

నవత భుజం మీద మూడేళ్ల రిషిత ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కనుగుడ్లు పైకి పోతున్నాయి.

“పిల్లకు ఫిట్సు వస్తున్నయి మామా. సిద్దిపేట దవాఖానకు తీస్కపోత. నీ కాళ్లు మొక్కుత.”

“గిది సాయవ్వ పెట్టిన కట్టు. గీ వాగొడ్డున తొలి బొడ్రాయి పెట్టి ఊరు నిలవెట్టిందే ఆమె. ఊకెనే సాయవ్వపల్లె అన్నరా? కట్టు తప్పితే ఊరే మిగలదు.”

పందిరి కింద ఊరంతా ఉంది. అందరూ ఎల్లయ్య మాటకే తలలూపారు.

ఇంతలో డప్పులు మోగాయి. పాత బొడ్రాయిని పెకలిస్తున్నారని అందరూ అటు తిరిగారు. అదే అదనుగా నవత ఇళ్ల వెనక నుంచి వాగు వైపు పరుగు తీసింది. తీరా ఒడ్డున పొలిగా పసుపన్నం చల్లిన గీత కనిపించేసరికి ఆగిపోయింది.

గీతకు ఇవతల ఒక ముసలామె కూర్చుని ఉంది. పండుగకు వచ్చిన ఎవరింటి చుట్టమో అనుకుంది నవత.

“దాటు బిడ్డా, చూస్తవేంది?”

“సాయవ్వ ఊకుంటదా అవ్వా?”

“గా కట్టు సాయవ్వ పెట్టలే. ఆమె పిల్లకు జరమొస్తే గీడనే ఆపిన్రు. పిల్ల సంకలనే పాణమిడిసింది. గా దుఃఖంతోని సాయవ్వ గూడ సచ్చింది. ఆమెను బొడ్రాయి కింద బొందవెట్టి, ఉసురు తగుల్తదని ఊరికి పేరు పెట్టుకున్నరు.” ముసలామె చెయ్యి చాచింది. “నన్ను గూడ దాటియ్యి. ఒక్కదాన్ని దాటలేను.”

నవత ఆ చెయ్యి పట్టుకుంది. రాయిలా చల్లగా ఉంది. అయినా వదలకుండా, కళ్లు మూసుకుని గీత దాటేసింది.

ఆటోలో దారి పొడుగునా ఆ చెయ్యి రిషిత నుదుటి మీదే ఉంది. దవాఖానలో డాక్టరు సూది వేసి, గండం గడిచిందన్నాడు. నవత బెంచీ మీద కూలబడి బోరుమని ఏడ్చింది.

ఫోను మోగింది. అవతల ఎల్లయ్య.

“కొత్త రాయి నిలవడుతలేదే నవతా! ఎంతమంది పట్టినా ఒరిగి పడుతుంది. సాయవ్వ పాత రాయి కిందనే ఉంటదని పెద్దలు చెప్పేటోళ్లు. తవ్వి చూస్తే ఏం లేదు, ఉత్త గుంత!”

నవత మెల్లగా పక్కకు తిరిగింది. ముసలామె రిషితను ఒళ్లో వేసుకుని జోకొడుతోంది.

“నేను మల్ల రాను బిడ్డా. ఊరికి ఇంకో పేరు చూసుకొమ్మను.”