ఉడికించిన ఆకు

నా చెల్లెలు ఎజిరోని కట్టుబట్టలతో వెళ్లగొట్టి, ఆమె తవ్వించిన క్యాట్‌ఫిష్ చెరువును తనే ఉంచుకున్న ఆమె మొగుడు ఒగాగా, ఈస్టర్ మర్నాడు ఉఘెల్లిలో మా ఇంటికి వచ్చాడు.

“వదినా, కొన్న మేత గిట్టుబాటు కావట్లేదు. ఎజిరో చేపలకు కర్రపెండలం ఆకు ఎలా పెట్టేది?”

“ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, ఎండబెట్టి మేతలో కలిపేది. పచ్చి ఆకు విషం నాయనా.”

అతను పకపకా నవ్వాడు. “సారమంతా పారబోయమంటావా? మీ అక్కాచెల్లెళ్లని నమ్మితే నేను బాగుపడినట్టే!”

“నీ ఇష్టం,” అన్నాను.

శనివారానికి చెరువు నిండా చేపలు వెల్లకిలా తేలాయి.

ఆదివారం చర్చిలో మోకరిల్లాను. ప్రభూ, నేను అబద్ధమాడలేదు. పదేళ్లుగా మేం చెప్పినదానికి విరుద్ధంగా చేయడమే ఎరిగిన మనిషని తెలిసే, అతనికి నిజం చెప్పాను.