మందు దిగే వేళ

కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. ధ్యాస నిలవడానికి డాక్టరిచ్చిన మాత్ర పొద్దున ఎనిమిదింటికి వేసుకుంటే, నాలుగింటిదాకా ఒక్క అద్దం కూడా తేడా రాదు. ఐదు దాటాక మందు దిగిపోతుంది. అప్పుడు ఒళ్లంతా డొల్లగా ఉంటుంది, చెంచా చప్పుడైనా చిర్రెత్తుకొస్తుంది.

పోయిన నెల అలాంటి వేళే, లెక్క అర్థం కాలేదన్న పాపానికి కూతురి నోట్‌బుక్కు గోడకేసి కొట్టింది.

అప్పట్నుంచి సాయంత్రం రాగానే లోపలికి వెళ్లదు. తమ వాటా కింది మెట్ల మీద అరగంట కూర్చుని, ఓ అరటిపండు తిని, నీళ్లు తాగి, కాస్త నెమ్మదించాక వెళ్తుంది.

ఈరోజు తొమ్మిదేళ్ల కూతురు తలుపు తీసుకుని మెట్లు దిగి వచ్చింది.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా?"

"మందు దిగే టైం ఇది. నీ మీద అరుస్తానేమోనని కూర్చున్నా."

కూతురు పక్కన చతికిలబడింది. "అరిస్తే అరిచావులే. రోజూ నీ అడుగుల చప్పుడు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. వెనక్కి వెళ్లిపోతావేమోనని నేను తలుపు వెనకే నిలబడి ఉంటాను."

ఏడవాల్సిన మాటేనని ఆమెకు తెలుసు. ఏడుపు రాలేదు. అసలేమీ రాలేదు. కూతురి చెయ్యి మాత్రం పట్టుకుంది.

"పద, లోపలికెళ్దాం. ఓ అరగంట నన్నేమీ అడక్కు. ఊరికే పక్కన కూర్చో."

కూతురు తలూపింది. ఇద్దరూ లోపలికి వెళ్లాక, తలుపు గడియ కూతురే పెట్టింది.