షోజో చెప్పిన ఐదు పనులు

చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. గ్యాస్ కట్టేయాలి. కరెంటు మెయిన్ దించాలి. గేటుకి పసుపు గుడ్డ కట్టాలి. సందు చివరి పార్కుకి వెళ్లి జారుడుబల్ల దగ్గర నిలబడాలి.

భూకంపం వస్తే చేయాల్సిన ఈ ఐదు పనులూ షోజో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. ముప్పై ఎనిమిదేళ్లు రైల్లో గార్డుగా చేసిన మనిషి. ఏ పని చేసినా దానివైపు వేలు చూపించి "సరే!" అని గట్టిగా అనాల్సిందే. భార్య చేతా అనిపించేవాడు.

"నేనేమన్నా రైలింజన్నా?" అని కినుయో విసుక్కునేది.

"ఇంజనైతే చెప్పినమాట వినేది."

ఆ ఉదయం భూమి కంపించినప్పుడు కినుయో వంటింట్లో ఉంది. అంతకు గంట ముందే షోజో పులుసు ఉప్పగా ఉందని గొడవపడి, ఊరి ఉమ్మడి స్నానశాలకి పోతున్నానని తలుపు ధడాలున వేసి వెళ్లాడు. ఆమె ఒక్కోదానికీ వేలు చూపించి, "సరే!" అంటూ ఐదు పనులూ చేసింది.

జారుడుబల్ల దగ్గర నిలబడి రెండు గంటలైంది. షోజో రాలేదు.

వీధి సంఘం ఆడవాళ్లు పార్కు బెంచీల పైచెక్కలు తీసి, కిందున్న పొయ్యిల్లో గంజి కాస్తున్నారు. ఏటా డ్రిల్లులో నవ్వుకుంటూ చేసే పనే. ఈసారి ఎవరూ నవ్వడం లేదు. నేల మళ్లీ మళ్లీ కదులుతోంది. సందులో ఏదో కూలిన చప్పుడు.

"గోధుమరంగు టోపీ. ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. చూశారా?"

అడిగినవాళ్లనే నాలుగుసార్లు అడిగింది.

సంఘం పెద్ద హమురా పేర్ల పట్టీతో వచ్చాడు. "మీ సందు చూడటం అయిపోయిందట కినుయోగారూ. ఇద్దర్ని బయటికి తీశారు. వాళ్లలో షోజోగారు లేరు."

"అయితే స్నానశాలలోనే ఉన్నాడు! దాని పొగగొట్టం కూలిందంటున్నారు కదా!"

ఆమె పరుగెత్తి అగ్నిమాపక దళం నాయకుడి చొక్కా చెయ్యి పట్టుకుంది. నడుం వంచి, లేచి, మళ్లీ వంచింది.

"మీ కాళ్లు పట్టుకుంటానయ్యా. ముందు అక్కడికి వెళ్లండి. ఆయనకి నేను తప్ప ఎవరూ లేరు."

దళం బండి స్నానశాల ఉన్న ఏటివైపు తిరిగి వెళ్లిపోయింది.

అప్పుడే పక్కింటి టోమె పెద్దమ్మని దుప్పటిలో మోసుకొచ్చారు. బయటికి తీసిన ఇద్దరిలో ఆవిడ ఒకరు. జుట్టంతా సున్నం.

"నేరుగా మా ఇంటికే వచ్చారే కినుయో! ముసలిదాన్ని, అరిచే ఓపిక కూడా లేదు. ఎవరు చెప్పారో ఏమో!"

"పెద్దమ్మా, మా ఆయన స్నానశాలలో..."

"స్నానశాలేమిటి? నీళ్ల పైపు పాడై ఇవాళ తెరవనేలేదు. తిట్టుకుంటూ వెనక్కొచ్చేశాడుగా! మీ పెరటి మెట్లెక్కి మేడమీదికి పోతుంటే నేనే పలకరించా. 'ఆవిడకి చెప్పకండి, ఇంకా కోపంలోనే ఉన్నా' అన్నాడు."

కినుయో హమురా వైపు తిరిగింది. "మా ఇల్లు కూడా చూశారు కదా?"

హమురా తల దించుకున్నాడు.

ఆమె పరుగెత్తింది. మేడ పెరటివైపు ఒరిగి, మెట్లు ఊడిపడి ఉన్నాయి. గేటు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆమె తన చేత్తో వేలు చూపించి మరీ బిగించి కట్టిన పసుపు గుడ్డ మీద షోజో ఎప్పుడో రాసిపెట్టిన ముత్యాల్లాంటి అక్షరాలు: "ఈ ఇంట్లో అందరం క్షేమంగా బయటపడ్డాం, ఇక్కడ ఆగకండి, పక్కింట్లో ఒంటరిగా ఉండే టోమె పెద్దమ్మని గుర్తుపెట్టుకోండి."