ఊరికే పెట్టని ముక్క

"పెట్టకండి! చెయ్యి వెనక్కి తీయండి!"

కుక్క ట్రైనరమ్మాయి అరిచిన అరుపుకి బస్సు డ్రైవరు చేతిలోని బన్ను జారి కిందపడింది. కుక్క అటువైపు ముక్కు సాచేలోపే ఆమె బన్నుని కాలితో దూరంగా నెట్టేసింది.

"ఆకలికి పడుకుందేమోనని పెట్టబోయానమ్మా," అన్నాడు డ్రైవరు. "కడుపులో ఏదైనా పడితే లేచి వెతుకుతుంది కదా."

"అందులో ఎండుద్రాక్ష ఉందన్నా. మనకి తీపి, దీనికి విషం. కిడ్నీలు పాడైపోతాయి." ఆమె గొంతు తగ్గించింది. "కసిరానని ఏమనుకోకండి. దీనికేమన్నా అయితే ఇక్కడ ఇంకో కుక్క లేదు."

డ్రైవరు తలూపాడు. ఎదురుగా, తెల్లవారుజామున కూలిపోయిన అపార్ట్‌మెంటు ఒక గుట్టలా పడి ఉంది. అందులో తన వాటా ఎక్కడుందో చెప్పడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు. నైట్ డ్యూటీకి బయల్దేరుతూ పసి కూతుర్ని అత్తగారి పక్కన పడుకోబెట్టి వెళ్ళాడు. పనిమీద వేరే ఊరు వెళ్ళిన భార్య ఫోన్ చేసినప్పుడల్లా "వెతుకుతున్నారు" అంటున్నాడు.

వెతకాల్సిన కుక్క మాత్రం లేవడం లేదు. పేరుకే అది పిడుగు. ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి, ఒళ్ళంతా సిమెంటు దుమ్ముతో, ఎవరో అక్కడ పారేసిపోయిన గోనెపట్టాలా పడి ఉంది.

ఫైర్ ఆఫీసరు దగ్గరికొచ్చాడు. "ఏమ్మా, నీ నడుముకున్న సంచిలో చికెన్ ముక్కలే కదా ఉన్నాయి? ఒకటి పడెయ్. అదే లేస్తుంది."

"ఊరికే పెట్టకూడదు సార్. ఉప్పూ కారం తగలకుండా దీని కోసమే ఉడికించి తెచ్చాను. బతికున్న మనిషిని కనిపెట్టి మొరిగితేనే పెడతాను. అలాగే నేర్పాను. పొద్దుట్నుంచి దీనికి దొరికినవాళ్ళంతా..." డ్రైవరు మొహం చూసి ఆగిపోయింది. "ఒక్క ముక్క కూడా తినలేదు సార్. మనసు విరిగిపోయింది దానికి."

"నేను పెట్టమంటున్నది అందుకే."

"ఊరికే పెడితే ఊరికే మొరుగుతుంది. అది మొరిగిన చోటల్లా తవ్విస్తారా?"

ఆఫీసరు వెనక్కి తిరిగి చూశాడు. అతని వెనకాల శిథిలాలు తోడే పెద్ద యంత్రం ఇంజను ఆపకుండా కాచుకుని ఉంది. "చూడమ్మా, ఆ మిగిలిన గోడ ఎప్పుడు కూలుతుందో తెలీదు. నా మనుషుల్ని ఇంక లోపలికి పంపలేను. కుక్క ఎవరూ లేరంటే యంత్రాన్ని దించేయడమే."

డ్రైవరు ట్రైనరమ్మాయి వైపు తిరిగాడు. "ఏదో ఒకటి చెయ్యమ్మా," అన్నాడు.

ఆమె కుక్క మెడ నిమిరింది. "ఎవరైనా బాగున్న మనిషి దాక్కోవాలి, అన్నా. ఇది వెతికి పట్టుకుని మొరిగితే ముక్క పెడతాను. బతికున్నవాళ్ళు ఇంకా దొరుకుతారని దానికి నమ్మకం కలగాలి."

"నేను దాక్కుంటాను," అన్నాడు డ్రైవరు.

పక్కకి ఒరిగిపోయిన ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులోకి దూరి మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. బయట ఆమె కుక్కని బుజ్జగించి లేపడం వినిపించింది. చాలాసేపటికి గోళ్ళ చప్పుడు దగ్గరైంది. ట్యాంకు మూతి దగ్గర వేడి ఊపిరి తగిలింది. తడి ముక్కు అతని బూటుకి ఆనింది.

'మొరగరా నాన్నా. ఒక్కసారి మొరుగు.'

ఊపిరి వెనక్కి పోయింది. గోళ్ళ చప్పుడు దూరమైపోయింది.

పాకుతూ బయటికొచ్చేసరికి ట్రైనరమ్మాయి మట్టిలో చతికిలబడి ఉంది. "మిమ్మల్ని చూసి కూడా మొరగలేదన్నా. ఇంక దానివల్ల కాదు. నావల్లా కాదు."

ఆఫీసరు తల తిప్పుకుని చెయ్యెత్తాడు. యంత్రం గడగడలాడుతూ కదిలింది. డ్రైవరు దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. అడ్డం పడాలని కూడా తోచలేదు.

అప్పుడు వినిపించింది మొరుగుడు.

గుట్టకి అవతలివైపు, లిఫ్టు గది ఉండే చోట శిథిలాల మధ్య ఒక సందుని పిడుగు ముందుకాళ్ళతో గీరుతూ గొంతు చించుకుంటోంది.

"అక్కడ పొద్దున్నే చూశాం," అన్నాడు ఆఫీసరు. "ముక్క కోసం నాటకాలాడుతోంది."

"మధ్యాహ్నం అక్కడి స్లాబు తీశారు కదా సార్, లోపలి వాసన ఇప్పుడు పైకొస్తోందేమో." అంటూనే ఆమె తడబడింది. అంత నమ్మకం ఆమెకీ లేదు. లేచి, సంచిలోంచి గుప్పెడు ముక్కలు తీసి చెయ్యి చాచింది. "పిడుగూ! దా! ఇవన్నీ నీకే, దా!" డ్రైవరుతో మెల్లగా అంది, "అబద్ధమైతే వచ్చేస్తుంది."

పిడుగు మొరగడం ఆపేసింది. ముక్కల వైపు చూసింది. నోట్లోంచి చొంగ కారుతుండగా నాలుగడుగులు కిందికి దిగింది. డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు.

మళ్ళీ మొరుగుడు వినపడింది. కళ్ళు తెరిచేసరికి కుక్క వెనక్కి పరిగెత్తి, ఆ సందులోనే మూతి పెట్టి పిచ్చెత్తినట్టు అరుస్తోంది.

"ఆపండి! ఇంజను ఆపండి!" ఆఫీసరు చేతులూపుతూ యంత్రానికి అడ్డంగా ఉరికాడు.

డ్రైవరు పడుతూ లేస్తూ గుట్టెక్కి, సందు మీద బోర్లాపడ్డాడు. "పాపా! నాన్ననమ్మా! పాపా!"

జవాబు లేదు. కాస్త మట్టి లోపలికి రాలిన చప్పుడైంది. మళ్ళీ పిలిచాడు. పక్కన పిడుగు మాత్రం ఆపడం లేదు.

అప్పుడు ఎక్కడో అడుగునుంచి దగ్గు, ఆ వెనకే విసుగ్గా అత్తగారి గొంతు వచ్చాయి:

"అల్లుడుగారూ, ముందు ఆ కుక్కని నోరు మూసుకోమనండి. పాపకి ఇప్పుడే నిద్రపట్టింది, మళ్ళీ లేచి ఏడుపందుకుంటే ఆపడం నావల్ల కాదు!"