సగం డబ్బా గోళీలు

“సగం డబ్బా ఖాళీ! ఎలాగయిందే?” అని అరిచాడు నీలకంఠం. నిజానికి అరిచే ఓపిక కూడా లేదతనికి.

మాంగో బస్తీలోని ఆ ఒంటిగది ఇంట్లో భార్య కస్తూరమ్మ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పలేదు.

“నాకేటి తెల్సు? ఎలకలు తినీసుంటాయి.”

“మట్టిగోళీలు ఎలకలు తింటాయేటే!”

ఇంట్లో కాల్చిన ఆ గోళీలకు రాత్రికి మందు పూయాలని, వాటిని తీసుకెళ్లడానికి సైకిలు మీద వచ్చిన ధర్మరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇద్దరూ ఒకే కార్ఖానా లేబరేటరీలో పనిచేస్తారు. అక్కడి పెయింట్ షాపులో రంగులు ఆరబెట్టే ఓవెన్ నుంచి వచ్చే ఆవిరికి నలభైమంది కళ్లు మండి, దగ్గి దగ్గి చస్తున్నారు. మాంగనీసు ఆక్సైడు మందు పూసిన గోళీలు నింపిన గొట్టం గుండా పోనిస్తే ఆ ఆవిరిలోని విషం విరిగిపోతుందని, రెండేళ్లుగా నీలకంఠం తంటాలు పడుతున్నాడు. రేపు పదింటికి పెద్దసాబు ముందు చూపించాలి. చూపించలేకపోతే ఈ పని ఇంతటితో బంద్.

“ఉన్న సగంతో కానిచ్చీ గురూ,” అన్నాడు ధర్మరాజు.

“గొట్టం నిండదు. కొత్తవి చేద్దారంటే ఆరడానికే మూడ్రోజులు.”

“లేబ్‌లో ఇటుకముక్కలున్నాయి కదా, వాటికే పూసీ. మందు అదే కదేటి?”

“మందు అదేరా. అది కూకునే చోటులోనే ఉంది తేడా అంతాను. గాజుపూసల మీద పూత్తే రాలిపోనాది. ఇటుక మీద ముద్దకట్టీసింది. ఈ సువర్ణరేఖ ఒడ్డు మట్టిలో ఊక కలిపి కాలిత్తేనే లోపలంతా సన్నసన్న చిల్లులొచ్చాయి. మందు పల్చగా పరుచుకుంది. అప్పుడు గానీ ఆవిరి విరగలేదు.”

“మరి సాబుకేటి చెప్పమంటావు?”

నీలకంఠం డబ్బా మూత పెట్టేశాడు. “ఛోడ్ దో, వదిలీ. అవలేదని చెప్పీ.”

ధర్మరాజు వెళ్లిపోయాడు. నీలకంఠం గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. రెండేళ్ల అలసటా ఒక్కసారి మీద పడింది. ఏడుపొచ్చింది, కానీ ఎవరిమీద పడి ఏడవాలో తెలియలేదు.

కస్తూరమ్మ మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. కొంగుముడి విప్పి ముందు పెట్టింది. నాలుగు గోళీలు. అందులో ఒకటి సగం కొరికి ఉంది.

నీలకంఠం దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. “నువ్వు తిన్నావా?”

“మందు పూసిన నల్లవాటి జోలికి ఎళ్లలేదండీ,” అంది తలొంచుకుని. “నోరాగక ముందు ఇటుకముక్క కొరికాను, బాగోలేదు. కుండపెంకు తిన్నాను, అదీ బాగోలేదు. మీ గోళీలే బాగున్నాయి.”

“పిచ్చెక్కిందేటే నీకు? మనిషన్నవాళ్లు మట్టి తింతారేటి!”

“పిచ్చి కాదండీ,” అంది కస్తూరమ్మ. “మూడో నెల.”