ఆరు పుల్లల మొక్కు

మా థాయ్ ఊరు చియాంగ్‌రాయ్‌లో పెద్దవాళ్లకు జబ్బు చేస్తే, గుళ్లో బోధిచెట్టు కొమ్మకు ఊతకర్ర పెట్టి ఆయుష్షు అడుగుతారు. రేపు అమ్మమ్మకు గుండె ఆపరేషన్. పొద్దున్నే ఇంటిల్లిపాదీ వెళ్లి పెట్టొచ్చారు, నేను తప్ప.

వ్యవసాయ పట్టభద్రుణ్ణి కదా, నాకు అంతకన్నా పవిత్ర కార్యం పడింది. గదిలో మొదటిసారి వేసిన గంజాయి మొలకలు సన్నగా సాగి వాలిపోతుంటే, పందిమాంసం కాల్చే పుల్లలు గుచ్చి దారంతో కడుతున్నాను.

"ఏరా కావిన్, గుడికి రాలేదేం?"

గుమ్మంలో అమ్మమ్మ. కుండీల వంక చూసింది. ఆరు మొలకలు, ఆరు ఊతాలు.

"నా కోసం ఇంట్లోనే పెట్టావట్రా?"

కాదందామనే నోరు తెరిచాను. "అవునమ్మమ్మా" అని వచ్చింది.

ఆ మోకాళ్ల నొప్పులతోనే కూలబడి, నా గంజాయికి భక్తిగా దణ్ణం పెట్టింది. నా తల కుండీలో మట్టికన్నా కిందికి పోయింది.

చెయ్యి పట్టుకుని లేపాను. ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది.

"లైటు కాస్త కిందికి దించరా, వెలుతురు చాలకే ఇలా సాగాయి. మీ అమ్మ తిడితే, నా కోసమే పెట్టాడని నేను చెప్తాలే."