అంచుదాకా టీ

"వాడు బంతి లాక్కోవడం మీరంతా చూడలేదా?" అన్నాడు తుర్సున్‌బాయ్, టీ కుండ కింద పెడుతూ. "నా కొడుకు చేతిలోంచి, పట్టపగలు, అంతమంది జనం చూస్తుండగా!"

చూడకేం, అందరూ చూశారు. సీజన్‌లో ఆఖరి మ్యాచ్, ఆఖరి క్షణాల్లో పెనాల్టీ దొరికింది. గోలైతే ఊరి జట్టు పై లీగ్‌లో నిలిచేది. ఏడాది పొడుగునా ఒక్క పెనాల్టీ కూడా పోగొట్టని ఓయ్‌బెక్ బంతి పట్టుకుని నిలబడ్డాడు. కెప్టెన్ కుద్రత్ వెళ్ళి వాడి నోటి దగ్గర చెవి పెట్టాడు. ఏదో విన్నాడు. బంతి తీసేసుకుని తనే కొట్టాడు. అది గోలు మీదుగా ఎగిరి వెళ్ళి జనంలో పడింది. ఆ దెబ్బకి ఫెర్గానా లోయలోని ఆ చిన్న ఊరు ఇంకా తేరుకోలేదు. నోరు పెగిలినవాళ్ళకి కుద్రత్‌ని తిట్టడం తప్ప మరో మాట రావడం లేదు.

వంతులవారీగా ఒకరింట చేరి పలావు తినడం ఆ స్నేహితుల ఆనవాయితీ. ఈసారి వంతు తుర్సున్‌బాయ్‌ది. కొడుకు కొత్తగా రేకులు వేయించిన వసారాలో అందరినీ కూర్చోబెట్టాడు. బయట చినుకులు పడుతున్నాయి. పోయిన ఏడాది ఇదే వసారాలో బకెట్లు పెట్టి కారే నీళ్ళు పట్టిన మనిషి, ఇప్పుడు రేకుల మీద చప్పుడు వింటూ మాటిమాటికీ పైకి చూసి మురిసిపోతున్నాడు.

"మీవాడు కెప్టెన్ చెవిలో ఏమన్నాడన్నా? టీవీలో పెదాలు కదిలాయి," అన్నాడు డ్రైవరు ఎర్కిన్.

"ఏమంటాడు, తననే కొట్టనిమ్మని బతిమాలి ఉంటాడు. అడిగితే చెప్పడు. కెప్టెన్ని పల్లెత్తు మాట అనడు. అదీ మా పెంపకం."

"కుద్రత్ అమ్ముడుపోయాడు, రాసిపెట్టుకోండి," అన్నాడు ఎర్కిన్. "వసంతం నుంచీ క్లబ్బులో ఎవరికీ జీతాల్లేవట. ఆకలేసినా పులి గడ్డి తినదంటారు గానీ, కెప్టెన్లు తింటారు."

"గడ్డి తిన్నవాడు ఆ డొక్కు కారు తోసుకుంటూ ఎందుకు తిరుగుతాడయ్యా?" అన్నాడు బడిపంతులు నోసిర్. "అయినా పోయిన ఏడాది కప్పు గెలిస్తే వాణ్ణి భుజాన మోసింది నువ్వే కదా?"

"మోశాను కాబట్టే అంటున్నా. ఆ భుజం ఇంకా నొప్పి."

అందరూ నవ్వారు. తుర్సున్‌బాయ్ నవ్వలేదు. "రేపు అందరం క్లబ్బుకి వెళ్తున్నాం. కెప్టెన్ పట్టీ వాడి చేతికి ఉండటానికి వీల్లేదు. నా కొడుక్కి కట్టమని నేనే అడుగుతా. నాకేం సిగ్గులేదు."

పలావు పళ్ళెం తెచ్చిన ఓయ్‌బెక్ ఆ మాట విని, పళ్ళెం పెట్టేసి, ఎవరి మొహమూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

"ఎంత అణకువో చూడు," అన్నాడు ఎర్కిన్.

అప్పుడే గేటు తోసుకుని కుద్రత్ వచ్చాడు. తలంతా తడిసింది. చంకలో గుడ్డలో చుట్టిన రెండు రొట్టెలు. అతనూ ఈ బృందంలోవాడే, రావద్దని ఎవరూ చెప్పలేదు. వస్తాడని మాత్రం ఎవరూ అనుకోలేదు. వసారా అంతా బిగుసుకుపోయింది.

"సలాం బాబాయ్," అని రొట్టెలు అందించి ఒక మూల కూర్చున్నాడు. "ఓయ్‌బెక్ ఎలా ఉన్నాడు? అన్నం తింటున్నాడా?"

"వాడి సంగతి నీకెందుకు? ఒక్కటి చెప్పు. కొట్టేవాణ్ణి పక్కకి నెట్టి నువ్వెందుకు కొట్టావు?"

"కెప్టెన్ని బాబాయ్. తిట్లు నా మీదికే రావాలి."

"అంతేనా?"

"అంతే."

తుర్సున్‌బాయ్‌కి ఒళ్ళు మండిపోయింది. కుండ ఎత్తి కుద్రత్ ముందున్న గిన్నెలో టీ పోశాడు. అక్కడ కావలసినవాడికి గిన్నె అడుగున రెండు గుక్కలే పోస్తారు, అయిపోగానే మళ్ళీ పోసి ఇంకాసేపు కూర్చోబెట్టుకోవడానికి. తుర్సున్‌బాయ్ ఆపకుండా పోశాడు. సగం దాటింది. అంచు దాకా వచ్చింది. పంతులు "అన్నా, వద్దు," అని గొణిగాడు. టీ పొర్లి కింద పరిచిన గుడ్డ తడిసింది.

ఇది తాగి వెళ్ళు, మళ్ళీ ఈ గడప తొక్కకు అని దాని అర్థం. పగవాడికి కూడా ఎవరూ అలా పోయరు.

కుద్రత్ ఆ గిన్నెని రెండు చేతులా ఎత్తి, సలసలా కాగే టీ చుక్క మిగల్చకుండా తాగేశాడు. ప్రార్థన ముగించినట్టు అరచేతులతో మొహం తడుముకుని, ఒక్కసారి పైన రేకుల వైపు చూశాడు.

"ఈ ఇంటికి మేలు జరగాలి," అన్నాడు లేస్తూ. "వాణ్ణి జాగ్రత్తగా చూసుకో బాబాయ్. ఇంకా చిన్నవాడు."

గేటు మూసుకున్న చప్పుడికి ఓయ్‌బెక్ బయటికి వచ్చాడు. ఖాళీ గిన్నెనీ తడిసిన గుడ్డనీ చూడగానే వాడి మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"నిండా పోశావా నాన్నా?"

"పోశాను. నీకోసమే."

"ఏమీ అనలేదా ఆయన?"

"ఏమంటాడు? అనడానికి మొహం ఉండాలి కదా!" తుర్సున్‌బాయ్ కొడుకు భుజం మీద చెయ్యి వేసి అందరి ముందుకీ తెచ్చాడు. "ఇక దాచకు. రేపు క్లబ్బులో చెప్పాల్సిన మాట. ఆ రోజు వాడి చెవిలో ఏమన్నావు? నిన్నే కొట్టనిమ్మన్నావు కదూ?"

వాన పెద్దదైంది. ఓయ్‌బెక్ తల ఎత్తి కొత్త రేకుల్ని చూశాడు.

"‘నన్ను కొట్టనివ్వకన్నా, నేను అమ్ముడుపోయాను’ అన్నాను."